గంజి, అయోడిన్ ప్రయోగం: లాలాజలం కలపని నాళికలో కూడా నీలిరంగు ఎందుకు పోతోంది?

ప్రశ్న (జీవశాస్త్ర ఉపాధ్యాయిని, పదవ తరగతి):
ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. ఎంజైమ్‌ల పాఠంలో భాగంగా పలుచని గంజిలో అయోడిన్ వేసి, నీలిరంగు వచ్చాక రెండు పరీక్షనాళికల్లో పోసి, ఒకదానిలో లాలాజలం, రెండోదానిలో నీళ్లు కలిపి, రెండింటినీ వేడినీళ్ల బీకరులో ఉంచాము. కాసేపటికి రెండింటిలోనూ రంగు పోయింది. "నీళ్లు కూడా పిండిపదార్థాన్ని జీర్ణం చేస్తాయా టీచర్?" అని ఒక అమ్మాయి అడిగింది. అసలు కారణం పిల్లలకే తెలిసేలా ఈ ప్రయోగాన్ని ఎలా మార్చుకోవాలి? లాలాజలం ఇవ్వడానికి కొందరు ఇబ్బంది పడుతున్నారు కూడా. వేరే దారి ఉంటే చెప్పగలరు.

సమాధానం 1:
మేడమ్, ఆ అమ్మాయి అడిగినది ఎంతో విలువైన ప్రశ్న. నీళ్లు కలిపిన నాళికను బయటికి తీసి చల్లారనివ్వండి, నీలిరంగు మళ్లీ కనిపిస్తుంది. పిండిపదార్థంలో ఉండే మెలితిరిగిన అమైలోజ్ అనే అణువుల గొలుసు లోపల అయోడిన్ ఇమిడినప్పుడే ఆ రంగు వస్తుంది. వేడికి ఆ పట్టు సడలుతుంది, చల్లబడితే తిరిగి కుదురుతుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ ఆ గొలుసునే తెంచి మాల్టోజ్ అనే చక్కెర వంటి చిన్న అణువులుగా మారుస్తుంది కనుక, జీర్ణమైన చోట చల్లార్చినా రంగు రాదు. అయితే నీళ్లు మరీ వేడిగా ఉంటే అమైలేజ్ కూడా పాడవుతుంది.

కాబట్టి అయోడిన్‌ను ముందుగా కలపకండి. నాళికలను 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర గోరువెచ్చని నీటిలో ఉంచి, నిమిషానికొక చుక్క చొప్పున తీసి, తెల్లని పింగాణీ పలక మీద వరుసగా వేసి ఉంచిన అయోడిన్ చుక్కల్లో కలిపించండి. ముదురు నీలం ఊదాగా, ఆపైన ఎర్రటి గోధుమరంగుగా మారి, చివరికి అయోడిన్ సొంత రంగే మిగలడం పిల్లలు ఒక్క వరుసలో చూస్తారు. మరిగించి చల్లార్చిన లాలాజలంతో మూడో నాళిక కూడా తప్పకుండా ఉండాలి; అది లేకుంటే పని చేసింది ఎంజైమ్ అని పిల్లలు నమ్మడానికి ఆధారమే ఉండదు.

సమాధానం 2:
లాలాజలానికి బదులు, అమైలేజ్ ఉండే మొలకెత్తిన రాగులు వాడవచ్చు. రాగులను నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు వచ్చాక నూరి, చల్లని నీళ్లలో కలిపి వడకట్టండి. గింజలోని పిండి కూడా నీలిరంగు ఇస్తుంది కనుక, ఆ రసాన్ని కదపకుండా ఉంచి పైతేట మాత్రమే తీసుకోవాలి. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్తలు పాయెన్, పెర్సోజ్ 1833లో డయాస్టేజ్ అనే, పిండిని తెంచే ఎంజైమ్‌ను వేరుచేసింది కూడా మొలకెత్తిన బార్లీ నుంచే. వేయించి పట్టించిన రాగి మాల్ట్ పిండి మాత్రం పనికిరాదు, ఆ వేడికి ఎంజైమ్ నశిస్తుంది.

సమాధానం 3:
ఎంజైమ్ మీద ఆమ్లం ప్రభావం చూపించదలిస్తే నిమ్మరసం వద్దు. అందులోని విటమిన్ సి అయోడిన్‌ను అయోడైడ్‌గా మార్చి తానే రంగు పోగొడుతుంది, పిల్లలు పిండి జీర్ణమైందని అనుకుంటారు. తెల్ల వెనిగర్ వాడండి. టించర్ అయోడిన్‌ను లేత గోధుమరంగు వచ్చేదాకా నీళ్లతో పలుచన చేసుకోండి. చిక్కగా ఉంటే రంగుల తేడా తెలియదు.