పోలియో వచ్చిన అక్క కోసం ఇంట్లో ఏ మార్పులు చేయించాలి?

అందరికీ నమస్కారం. మాది ప్రొద్దుటూరు. చిన్నతనంలో పోలియో సోకి మా పెద్దక్కకు కుడికాలు చచ్చుబడింది; తొడ దాకా వచ్చే ఇనుప క్యాలిపర్ (కాలికి ఊతమిచ్చే చట్రం) తొడుక్కుని, చంకకర్ర సాయంతో ఇన్నేళ్లూ తన పనులన్నీ తానే చేసుకుంది. 50 ఏళ్లు దాటాక ఇప్పుడు ఎడమకాలు కూడా త్వరగా అలసిపోతోంది. పోలియో వచ్చిన దశాబ్దాల తర్వాత ఇలా కొత్త బలహీనత రావచ్చని, దాన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారని, కండరాలను మితిమీరి శ్రమపెట్టకూడదని డాక్టరు చెప్పారు.

మా ఇంట్లో నేలంతా కడప బండలే. నునుపు తేలిన ఆ బండ మీద కాస్త తడి ఉంటే చాలు, కర్ర అడుగున ఉన్న రబ్బరు తొడుగు జారిపోతుంది. బండలు పెకలించకుండానే వాటిని గరుకు చేయించుకున్నవారు ఎవరైనా ఉన్నారా? వాకిట్లో అడుగున్నర ఎత్తు మెట్లున్నాయి. చక్రాల కుర్చీ ఎక్కించే వాలుకు (ర్యాంపుకు) 1 అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు చొప్పున 18 అడుగులు కావాలి, మాకున్నది 10 అడుగులే. వాలును మలుపు తిప్పి కట్టించుకున్నవారు మలుపు దగ్గర ఎంత చోటు వదిలారో దయచేసి తెలియజేయండి. కుర్చీ వాడటం అక్కకు ఇంకా ఇష్టం లేదు, ఆమెను బలవంతపెట్టడం నాకూ ఇష్టం లేదు. అందుకే కడప, కర్నూలు, అనంతపురాల్లో కొలతలు తీసి తేలికైన ప్లాస్టిక్ క్యాలిపర్ చేసిచ్చే చోటు తెలిస్తే ముందుగా అది చెప్పగలరు.