క్రియాటినిన్ అదే, ఈజీఎఫ్ఆర్ మారింది: జన్యు పరీక్ష చేయించాలా?

కవిటి_కుర్రాడు
అందరికీ నమస్తే. మాది ఉద్దానం, కవిటి మండలం. అమ్మకి 52 ఏళ్లు. షుగరూ లేదు, బీపీ లేదు. సంక్రాంతి ముందు చేయించిన రిపోర్టులో క్రియాటినిన్ (కండల నుంచి రక్తంలోకి చేరే వ్యర్థం) 1.3, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే అంచనా) 47. మొన్న వేరే ల్యాబ్‌లో చేయిస్తే క్రియాటినిన్ మళ్లీ 1.3యే గానీ ఈజీఎఫ్ఆర్ 49 వచ్చింది. కిడ్నీ కోలుకుంటోందని ఇంట్లో సంబరం. నాకైతే నమ్మకం కుదరట్లేదు. అమ్మ వాళ్ల అన్నయ్య, అంటే మా పెద్దమావయ్య, డయాలసిస్ మీదుండే పోయారు. అందుకే జన్యు పరీక్ష చేయించమని హైదరాబాద్‌లో ఉన్న బావ ఒకటే పోరు. ఎవరైనా చేయించారా?

విశాఖ_ల్యాబ్
తమ్ముడూ, కోలుకోవడం కాదు, ఫార్ములా మారింది. మీ అమ్మగారి వయసూ 1.3 పెట్టి లెక్కేశాను. ఈజీఎఫ్ఆర్ కట్టే సీకేడీ-ఎపి ఫార్ములాలో 2009 దానికి 47, 2021 దానికి 49 వస్తున్నాయి. రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో ఏ ఫార్ములానో రాసి ఉంటుంది, చూడండి. ల్యాబ్ కొలిచేది క్రియాటినిన్ ఒక్కటే, ఈజీఎఫ్ఆర్ దాన్నుంచి కట్టిన లెక్క.

న్యూజెర్సీ_గణాంకాలు
పైన అన్నగారు చెప్పింది కరెక్టు. ఫార్ములా ఎందుకు మార్చారో కూడా చెప్తాను. 2009 ఫార్ములాలో నల్లజాతి వాళ్లయితే జవాబుని 1.159తో హెచ్చించేవాళ్లు. దాంతో వాళ్ల కిడ్నీ ఉన్నదానికంటే బాగా పనిచేస్తున్నట్టు కనపడేది. ఇక్కడ అమెరికాలో ఈజీఎఫ్ఆర్ 20కి దిగితేగానీ, లేదా డయాలసిస్ మొదలైతేగానీ, కిడ్నీ మార్పిడి కోసం వేచి ఉన్న కాలం లెక్కలోకి రాదు. ఆ ఒక్క గుణకం వల్ల చాలామంది క్యూలో వెనకబడ్డారు. 2021లో జాతి లేని ఫార్ములా వచ్చింది. 2023 నుంచి పాత రికార్డులు తిరగేసి 14 వేల మందికి పైగా పోయిన కాలాన్ని కలిపారు.

మనవాళ్ల సంగతి వేరు. రెండు ఫార్ములాలూ ఎక్కువగా అమెరికా, యూరప్ వాళ్ల డేటా మీద కట్టినవే. కండ తక్కువగా ఉండి, మాంసం తక్కువ తినేవాళ్లలో క్రియాటినిన్ తక్కువే పుడుతుంది. అలాంటప్పుడు 49 అని వచ్చినా అసలు పని అంతకన్నా తక్కువే ఉండొచ్చు. అమ్మగారు సన్నగా ఉంటారా?

కవిటి_కుర్రాడు
బాగా సన్నం అండి. జీడితోటల్లో పని. నీసు ఆదివారం పూటే.

న్యూజెర్సీ_గణాంకాలు
అయితే సిస్టాటిన్-సి అనే ఇంకో రక్తపరీక్ష చేయిస్తారా అని డాక్టర్‌ని అడగండి. దాని మీద కండ ప్రభావం తక్కువ. జన్యు పరీక్ష తర్వాతి మాట.

గుంటూరు_సిస్టులు
జన్యు పరీక్ష మా ఇంట్లో చేయించాం కాబట్టి చెప్తున్నా. మాది పాలీసిస్టిక్, అంటే కిడ్నీల నిండా నీటి తిత్తులు (సిస్టులు) పెరిగే వంశపారంపర్య జబ్బు. నాన్నకి ఉంది, నాకూ ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. నాకు స్కానింగ్‌లోనే తెలిసిపోయింది, జన్యు పరీక్షతో కొత్తగా తేలిందేమీ లేదు. అది నిజంగా అక్కరకొచ్చింది చెల్లి కిడ్నీ ఇస్తానన్నప్పుడు. తనకి ముప్పై నిండలేదు. ఆ వయసులో స్కాన్‌లో సిస్టులు కనపడకపోయినా జబ్బు లేదని గట్టిగా చెప్పలేం అన్నారు. ఈ జబ్బు తెచ్చే పీకేడీ1 అనే జన్యువులో నాకు దొరికిన మార్పు తనలో లేదని తేలాకే డాక్టర్లు ఒప్పుకున్నారు.

పీకేడీ1కి దగ్గర్లోనే అచ్చం దానిలాగే ఉండే ఉత్తుత్తి జన్యువులు ఆరున్నాయి. మామూలు పరీక్షలో అవి కలిసిపోయి తికమక పెడతాయి. ముందు ల్యాబ్‌ని ఆ విషయం అడిగి డబ్బు కట్టండి.

కవిటి_కుర్రాడు
అమ్మకి స్కాన్‌లో సిస్టుల్లేవు. కిడ్నీలు కొంచెం చిన్నవిగా ఉన్నాయన్నారు. బావ ఏదో పెద్ద స్టడీ పంపాడు, కారణం తెలియని కిడ్నీ జబ్బుల్లో 17 శాతం జన్యువుల వల్లేనట. ఉద్దానంలో అందరిదీ కారణం తెలియనిదే కదండీ?

న్యూజెర్సీ_గణాంకాలు
అది 2019లో వచ్చిన స్టడీ. 3,315 మంది రోగుల జన్యువులు చదివితే 307 మందిలో, అంటే 9.3 శాతంలో, కారణం దొరికింది. ‘కారణం తెలియదు’ అన్న గుంపు 281 మంది, వాళ్లలో 48 మందికి దొరికింది. మీ బావ చెప్పే 17 శాతం అదే. లెక్క తప్పు కాదు. కానీ ఎవరి 17 శాతం? పెద్దాసుపత్రులకీ ట్రయల్స్‌కీ వచ్చినవాళ్లు, ఎక్కువమంది అమెరికా, యూరప్ వాళ్లు. మీ దగ్గర ఒకే ప్రాంతంలో, చుట్టరికం లేని ఇళ్లలో కూడా ఇంతమందికి వస్తోందంటే ఒక్క జన్యువు మీదకి తోసేయలేం. నీళ్లు, ఎండలో పని, నొప్పి మాత్రలు, అన్నిటి మీదా పరిశోధన నడుస్తోంది, ఇదీ కారణమని ఇంకా తేలలేదు. ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చిందంటే రక్తం ఒకటే కావచ్చు, తాగిన బావి ఒకటే కావచ్చు.

ఏపీఓఎల్1 అనే జన్యువు గురించీ ఈమధ్య వార్తలొస్తున్నాయి. అందులో కొన్ని మార్పుల వల్ల వచ్చే కిడ్నీ జబ్బుకి ఇనాక్సాప్లిన్ అనే మందు ఇస్తే మూత్రంలో ప్రొటీన్ 47.6 శాతం తగ్గిందని 2023లో వచ్చింది. లెక్కలోకి తీసుకున్నది 13 మందిని, పోల్చడానికి ఉత్తుత్తి మాత్ర గుంపే లేదు. పైగా ఆ మార్పులు పశ్చిమాఫ్రికా మూలాలున్నవాళ్లవి. మన టెస్ట్ ప్యాకేజీల్లో దాని పేరు పెట్టి అమ్మితే మోజు పడకండి.

మందుల_షాపు_తెనాలి
డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర సంగతేంటి సార్? షుగర్ లేకపోయినా కిడ్నీకి రాస్తున్నారు. ‘39 శాతం రక్షణ’ అంటాడు కంపెనీ రెప్.

న్యూజెర్సీ_గణాంకాలు
2020 డాపా-సీకేడీ ట్రయల్, 4,304 మంది. కిడ్నీ బాగా దెబ్బతినడమో, కిడ్నీ లేదా గుండె జబ్బుతో మరణమో మందు వేసుకున్నవాళ్లలో 9.2 శాతానికి, మిగతావాళ్లలో 14.5 శాతానికి. తేడా వందకి ఐదుగురు. సుమారు రెండున్నరేళ్లు 19 మందికి ఇస్తే ఒకరికి ఆ ముప్పు తప్పింది. నా దృష్టిలో చాలా మంచి ఫలితం, రెండు గుంపుల్నీ పోల్చి కట్టిన ‘39’ అని ఊదరగొట్టక్కర్లేదు. కాకపోతే మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతున్నవాళ్లనే ఆ ట్రయల్‌లో చేర్చుకున్నారు, పాలీసిస్టిక్ వాళ్లని చేర్చుకోలేదు.

గుంటూరు_సిస్టులు
అందుకేనా మా డాక్టర్ నాకు రాయలేదు! ఇన్నాళ్లూ ఆయనకి తెలియదేమో అనుకుంటున్నా.

మందుల_షాపు_తెనాలి
2020లో పేటెంటు పోయాక ధర బాగా దిగింది, అందుకే చీటీ లేకుండా అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అలా వాడకండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు ఆపాలి, మూత్రం పోసే చోట ఫంగస్ రావచ్చు. ఇవన్నీ డాక్టరే చెప్పాలి.

కవిటి_కుర్రాడు
అమ్మకి ఆల్బుమిన్ పరీక్షే ఎవరూ రాయలేదండి. రెండు రిపోర్టుల్లోనూ లేదు.

విశాఖ_ల్యాబ్
ముందు అది చేయించండి తమ్ముడూ. మూత్రంలో ఆల్బుమిన్ ఎంత పోతోందో చెప్పే పరీక్ష, యూరిన్ ఏసీఆర్ అని అడగండి, పొద్దున లేవగానే వచ్చే మూత్రం అయితే మేలు. జ్వరం ఉన్నరోజు వద్దు. మూడు నెలలకి మళ్లీ, ఈసారి రెండుసార్లూ ఒకే ల్యాబ్‌లో.

కవిటి_కుర్రాడు
సరే అన్నా. సోమవారం పలాస తీసుకెళ్తున్నా. వచ్చాక రిపోర్టు ఇక్కడే పెడతాను.