చర్చ: మూత తీసి బ్యాటరీ మార్చుకునే ఫోన్లు మళ్లీ రావాలా?

కరకట్ట (చర్చ ప్రారంభించినవారు):

ఇప్పటి ఫోన్లలో ఏమి నచ్చిందని ఎవరిని అడిగినా కెమెరా, ఎండలోనూ కనిపించే తెర, కూరగాయల బండి దగ్గర కూడా చిల్లర గొడవ లేకుండా చేసిన యూపీఐ అని చెబుతారు. ఏమి నచ్చలేదని అడిగితే మాత్రం ఎక్కువమంది నోట ముందుగా వచ్చేది బ్యాటరీ మాటే. కొన్న మూడో ఏడు వచ్చేసరికి, పొద్దున నిండుగా చార్జింగ్ పెట్టిన ఫోను మధ్యాహ్న భోజనాల వేళకే అడుగంటుతుంది. తెర, కెమెరా, స్పీకరు అన్నీ సవ్యంగా ఉన్నా ఆ ఒక్క భాగం కోసం ఫోనునే మార్చేసేవారు మన చుట్టూ ఎందరో ఉన్నారు.

ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన బ్యాటరీల చట్టం ప్రకారం, అక్కడ అమ్మే చిన్న పరికరాల్లోని బ్యాటరీని వాడుకదారే మామూలు పనిముట్లతో తీసి మార్చుకోగలగాలి. ఈ నిబంధన 2027 ఫిబ్రవరి 18 నుంచి వర్తిస్తుంది. మన దేశంలోనూ అటువంటిది రావాలా అన్నదే చర్చాంశం. రావాలని నా అభిప్రాయం. బ్యాటరీ అరిగిపోయే సరుకని తయారుచేసేవారికి తెలుసు, అమ్మేవారికి తెలుసు, కొనేవారికీ తెలుసు. తెలిసి తెలిసి దానిని లోపల జిగురుతో అతికించి, పైన గాజుపలక బిగించి అమ్మడం ఏ న్యాయమో నాకు బోధపడదు. నీళ్లు చొరబడకుండా ఉండాలంటే అలా మూయక తప్పదని చెప్పేవారికి 2014 నాటి శాంసంగ్ గెలాక్సీ ఎస్5ను గుర్తు చేస్తాను. దాని వెనక మూత గోటితో తీస్తే ఊడి వచ్చేది, అయినా ఒక మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకునే ఐపీ67 ప్రమాణం దానికి ఉండేది. మరుసటి ఏడు వచ్చిన ఎస్6లో ఊడే మూత పోయింది, దాంతోపాటు నీటి రక్షణ కూడా పోయింది. కాబట్టి మూసివేతకు నీటిని కారణంగా చూపడం పూర్తి నిజం కాదు.

ఏరువాక:

కరకట్ట గారూ, ఎస్5 గురించి సగమే చెప్పారు. దాని చార్జింగ్ రంధ్రానికి ఒక చిన్న మూత ఉండేది. దానినీ వెనక మూతనూ ప్రతిసారీ నొక్కి సరిచూసుకుంటేనే ఆ నీటి రక్షణ పనిచేసేది. మూత అంచున ఉండే రబ్బరు చుట్టులో కాస్త ఇసుక చేరినా ఆ ప్రమాణం కాగితం మీదే మిగులుతుంది.

మాది కోనసీమ. నాట్ల రోజుల్లో చేతులకు బురద, జేబులో ఫోను, కాళ్ల కింద నీళ్లు. మూత ఊడే ఫోన్ల కాలంలో ఫోను గట్టు మీద పడితే మూత ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు, ఫోను ఒకవైపు ఎగిరిపడేవి. నీళ్లలో పడితే బియ్యం డబ్బాలో పెట్టి దేవుడికి దండం పెట్టుకోవడం తప్ప మరో దారి ఉండేది కాదు. ఇప్పుడున్న మూసిన ఫోను పంటబోదెలో పడినా తుడుచుకుని మాట్లాడుతున్నాను. నాకు ఈ ఫోనులో అన్నింటికన్నా నచ్చిన గుణం అదే, కెమెరా కాదు.

సామర్థ్యం సంగతి కూడా చూడండి. చేత్తో తీసే బ్యాటరీ గుచ్చుకోకుండా, వంగకుండా ఉండాలంటే దానికి గట్టి తొడుగు కావాలి, దానిని పట్టి ఉంచే గదికి గోడలు కావాలి. ఆ జాగా అంతా లోపల మూసిన బ్యాటరీకి మిగులుతుంది. ఒకనాటి నోకియా ఫోన్ల బీఎల్-5సీ బ్యాటరీ సుమారు 1,000 మిల్లీ యాంపియర్ అవర్లు (బ్యాటరీలో పట్టే విద్యుత్తుకు కొలత). నేడు 5,000 మామూలైపోయింది, 2025లో 7,000 దాటినవీ మన దుకాణాలకు వచ్చాయి. ఇందులో రసాయన శాస్త్రం పాత్రే పెద్దదని ఒప్పుకుంటాను. అయినా జాగా పాత్రను తీసిపారేయలేము.

మరమ్మతు బల్ల:

హైదరాబాదు జగదీశ్ మార్కెట్‌లో పని నేర్చుకుని, ఇప్పుడు కరీంనగర్‌లో సొంత దుకాణం నడుపుతున్నవాడిగా ఈ పని బల్ల మీద ఎలా సాగుతుందో ముందు చెబుతాను. దాని తరువాత వాదించుకుందాం.

ఫోనును ఆపి, సిమ్ ట్రే తీసి, వెనక పలకను వేడి పలక మీద జిగురు మెత్తబడేదాకా ఉంచాలి. తరువాత అంచున పలుచని ప్లాస్టిక్ రేకు దూర్చి చుట్టూ నెమ్మదిగా తిప్పాలి. గాజుపలక అయితే ఇక్కడే పగిలే ప్రమాదం ఉంది. లోపల మరలు విప్పి అన్నిటికన్నా ముందు బ్యాటరీ కనెక్టరును ఊడదీయాలి, లేకుంటే బోర్డుకే ఎసరు వస్తుంది. బ్యాటరీ కింద లాగడానికి ఉన్న పట్టీలు సవ్యంగా వస్తే అదృష్టం. మధ్యలో తెగితే స్పిరిట్ చుక్కలు వేసి జిగురు కరిగేదాకా ఓపిక పట్టాలి. ఓపిక లేని కుర్రాళ్లు ఇనుప పనిముట్టుతో పెకలిస్తారు, బ్యాటరీకి చిల్లు పడితే మంట లేస్తుంది. ఉబ్బిన బ్యాటరీ అయితే మరీ ప్రమాదం, ఎందుకంటే లోపలి ద్రవం చెడి పుట్టిన వాయువు ఆ పొరలో నిండి ఉంటుంది. అన్నీ సరిగా చేశాక కూడా, మేము వేసే కొత్త జిగురుతో కంపెనీ ఇచ్చిన నీటి రక్షణ తిరిగి వస్తుందని నేను హామీ ఇవ్వను, ఇచ్చేవారిని నమ్మవద్దని చెబుతాను.

ఇంతా చెప్పాక మీరు నన్ను కరకట్ట గారి పక్షాన నిలబెడతారేమో. నిలబడను. ఈ పని కష్టమే గానీ చేతకానిది కాదు, చిన్న ఊళ్లలో కూడా రోజూ జరుగుతున్నదే. మాకు అసలు తలనొప్పి మూత కాదు, ఆ మూత తీశాక లోపల పెట్టే సరుకు. చాలా మోడళ్లకు అసలైన బ్యాటరీ బయటి దుకాణాలకు దొరకదు. దొరికేది ‘ఒరిజినల్’ అని స్టిక్కరు వేసుకున్న నకలు, పైన రాసిన సామర్థ్యం లోపల ఉండదు, ఆరు నెలలకే ఉబ్బుతుంది. కొన్ని ఖరీదైన ఫోన్లలో నిజమైన బ్యాటరీనే వేసినా, అది కంపెనీ సాఫ్ట్‌వేరుతో జత కుదరనందువల్ల ‘ఈ భాగాన్ని గుర్తించలేకపోయాము’ అన్న సందేశం తెర మీదికి వస్తుంది. కస్టమరు దానిని చూసి నేను మోసం చేశాననుకుంటాడు. మూత గోటితో ఊడినా లోపలికి వెళ్లేది ఈ నకలే అయితే మీరు గెలిచింది ఏమిటి? బీఎల్-5సీ రోజుల్లో బజారు నిండా నకళ్లే ఉండేవన్న సంగతి అప్పటివారికి గుర్తుండే ఉంటుంది.

రెండు చక్రాలు:

డెలివరీ పని చేసేవాడిని. ఒకప్పుడు జేబులో రెండో బ్యాటరీ పెట్టుకుని తిరిగేవాళ్లం, ఇప్పుడు పవర్ బ్యాంకు పెట్టుకుంటున్నాం. ఆ మేరకు నాకు పెద్ద తేడా లేదు. కానీ మా ఫోన్లు బండి హ్యాండిల్ మీద ఎండలో, మ్యాప్ వెలుగుతూ, చార్జింగ్ ఎక్కుతూ ఉంటాయి. 35 డిగ్రీలకు మించిన వేడిలో వాడితే బ్యాటరీ శక్తి శాశ్వతంగా తగ్గవచ్చని ఆపిల్ తన సూచనల్లోనే రాసింది. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెలలో నీడలోనే 45 చూస్తాం. చల్లని దేశాల్లో నాలుగేళ్లు వచ్చే బ్యాటరీ మాకు రెండేళ్లు వస్తే గొప్ప. ఈ చట్టం ఏదో అవసరమైతే ఐరోపా కన్నా మనకే ముందు అవసరం.

కొలమానం:

ఐరోపా నిబంధనను చర్చలోకి తెచ్చారు కాబట్టి ఫోన్లకు ఉన్న మినహాయింపునూ చెప్పుకోవాలి. ఫోన్లకు సంబంధించి 2025 జూన్ 20 నుంచి అక్కడ అమలవుతున్న పర్యావరణ రూపకల్పన నియమాల ప్రకారం, బ్యాటరీ 500 చార్జింగ్ ఆవృత్తుల తరువాత 83 శాతం, 1,000 ఆవృత్తుల తరువాత 80 శాతం సామర్థ్యం నిలుపుకుని, ఫోనుకు దుమ్ము నుంచి, మీటరు లోతు నీటి నుంచి రక్షణ ఉంటే, ఆ బ్యాటరీని సామాన్యుడు కాక మరమ్మతు నిపుణుడు మార్చేలా ఉన్నా సరిపోతుంది. అంటే మూసిన ఫోన్లు ఐరోపాలో కూడా మాయమైపోవు.

ఇక లెక్కకు వద్దాం. ఒక ఆవృత్తి అంటే మొత్తం మీద నూరు శాతం వాడకం. రోజుకు ఒకటి చొప్పున వాడేవారికి 1,000 ఆవృత్తులు మూడేళ్లు నిండకుండానే పూర్తవుతాయి. గూగుల్ 2023 అక్టోబరులో పిక్సెల్ 8కూ, శాంసంగ్ 2024 జనవరిలో ఎస్24 వరుసకూ ఏడేళ్ల సాఫ్ట్‌వేర్ నవీకరణలు ఇస్తామని మాట ఇచ్చాయి. ఏడేళ్ల మాట నిజంగా ఉపయోగపడాలంటే నడుమ ఒకటో రెండో బ్యాటరీలు మార్చక తప్పదు. అయినా ప్రకటనల్లో ఏడేళ్ల అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఆ బ్యాటరీ వెల మాత్రం ఎక్కడా కనిపించదు.

ధర ఎంత పనిచేస్తుందో చెప్పడానికి ఒక ఉదంతం చాలు. పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్ల వేగాన్ని, అవి హఠాత్తుగా ఆగిపోకుండా ఉండేందుకు, సాఫ్ట్‌వేరు ద్వారా తగ్గిస్తున్నట్లు 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. విమర్శలు వచ్చాక అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. 2019 జనవరిలో మదుపరులకు రాసిన లేఖలో, కొత్త ఐఫోన్లు అనుకున్నంత అమ్ముడుపోకపోవడానికి ఆ చౌక బ్యాటరీలనూ ఒక కారణంగా ఆపిల్ సీఈఓ హోదాలో టిమ్ కుక్ పేర్కొన్నారు. ఆ ఫోన్లు మూసినవే, జిగురు అలాగే ఉంది. మారింది ధర ఒక్కటే. మరమ్మతు బల్ల గారు చెప్పిన దానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం నాకు కనిపించలేదు.

కరకట్ట:

ధర ముఖ్యమని నేనూ ఒప్పుకుంటాను. కానీ భద్రత సంగతి ఎవరూ ఎత్తలేదు. 2007 ఆగస్టులో నోకియా, తన బీఎల్-5సీ బ్యాటరీలలో 4 కోట్ల 60 లక్షలు చార్జింగ్ వేళ వేడెక్కే అవకాశం ఉందని హెచ్చరించింది. జనం మూత తీసి బ్యాటరీ మీది అంకెలు చూసుకుని, లోపమున్న దానిని మార్చుకుంటే సరిపోయింది, ఫోను ఇంట్లోనే ఉంది. 2016లో గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు అంటుకున్నప్పుడు సుమారు 25 లక్షల ఫోన్లను మొత్తంగా వెనక్కి పిలవవలసి వచ్చింది. విమానంలో ఆ ఫోను వాడవద్దన్న ప్రకటనలు మనమందరం విన్నవే. ఊడే బ్యాటరీ ఉండి ఉంటే అంత దూరం వచ్చేదా?

కొలమానం:

వచ్చేదే. వాటికి బదులుగా ఇచ్చిన ఫోన్లలోని వేరే తయారీదారు బ్యాటరీలు కూడా అంటుకున్నాయి కాబట్టే 2016 అక్టోబరులో ఆ మోడల్ తయారీనే ఆపేశారు. చేతిలో రెండోసారి కూడా లోపమున్న బ్యాటరీ పెడితే మూత ఏమి కాపాడుతుంది?

కాలువల ఊరు:

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటున్నాను. ఈ ఊరి సంస్థ ఫెయిర్‌ఫోన్ చేసిన ఐదో మోడల్ నా దగ్గర ఉంది. బ్యాటరీని గోటితో తీయవచ్చు, విడి బ్యాటరీని అదే సంస్థ తన వెబ్‌సైటులో అమ్ముతుంది. ఆ విషయంలో నిశ్చింత. అయితే ఐపీ55 మాత్రమే గనుక వానజల్లు తట్టుకుంటుంది గానీ నీటిలో ముంచకూడదు. 4,200 మిల్లీ యాంపియర్ అవర్ల బ్యాటరీ సాయంత్రానికే చార్జరు వెతికిస్తుంది, కెమెరా కూడా అదే వెలకు దొరికే ఇతర ఫోన్ల ముందు తేలిపోతుంది. ఏరువాక గారికి ఇది నచ్చదని చదువుతుండగానే అనిపించింది. ఇక్కడ నాకు మరింత మేలుగా తోచినది వేరే ఉంది. పైన చెప్పిన 2025 నియమాల ప్రకారం, ఒక మోడల్ అమ్మకాలు ఆగిన తరువాత కూడా ఏడేళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. ఫోను పెట్టెతో వచ్చే లేబులు మీద మరమ్మతు ఎంత సులువో తెలిపే అక్షరం కూడా ఉంటుంది.

కరకట్ట:

మన దగ్గరా ఆ దిశగా అడుగులు పడుతున్నాయి. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ (మరమ్మతు హక్కు) పోర్టల్ తెరిచింది. ఫోన్లకు మరమ్మతు సూచిక (మరమ్మతు ఎంత సులువో మార్కుల్లో తెలిపేది) ఎలా ఉండాలో పరిశీలించిన కమిటీ 2025 మే నెలలో నివేదిక ఇచ్చింది. సూచికలో మూత ఊడే ఫోనుకు ఎక్కువ మార్కులు రావాలన్న నా పట్టు నేను వదలను. దానితోపాటు అసలైన బ్యాటరీని ఏ దుకాణదారుడైనా కొనగలిగేలా ఉండాలి, దాని ధర ఫోను పెట్టె మీదే ముద్రించాలి అన్న రెండు షరతులు కూడా చేరుస్తున్నాను.

మరమ్మతు బల్ల:

ఆ రెండూ వస్తే మూత గురించి నేను ఎవరితోనూ తగువు పెట్టుకోను. సాఫ్ట్‌వేరు జత కుదర్చడానికి కంపెనీ అనుమతి అడగనక్కరలేకుండా ఉండాలన్నది మూడోదిగా రాసుకోండి.

ఏరువాక:

మూతకు ఎక్కువ మార్కులు ఇస్తే నీటి రక్షణకూ అన్ని మార్కులు ఇవ్వాలి, లేకుంటే పొలంలో తిరిగేవాడి అవసరాన్ని లెక్కలోంచి తీసేసినట్టే. పెట్టె మీద ధర ముద్రించడాన్ని సమర్థిస్తున్నాను. అయితే బ్యాటరీ ధర ఒక్కటే వేసి ఊరుకోకుండా మార్పిడి కూలీతో కలిపి వేయాలి. ఆ పని అమలాపురంలో అవుతుందా, కాకినాడ దాకా బస్సెక్కాలా అన్నది కూడా కొనకముందే మాకు తెలియాలి.