హెడ్ గాస్కెట్ మార్చినా కారు వేడెక్కుతూనే ఉంది: ఇంజను మొత్తం విప్పించాలా?

కొరిటెపాడు_కారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. ఉద్యోగం విజయవాడలో కావడంతో వారానికి ఐదు రోజులు కారులో వెళ్లి వస్తుంటాను. నాది 2015 నాటి చిన్న పెట్రోలు కారు. ఇప్పటికి 94 వేల కిలోమీటర్లు తిరిగింది. మొన్న మే నెల వరకు ఇంజను జోలికి వెళ్లాల్సిన అవసరమే రాలేదు.

మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం కాజ టోల్ ప్లాజా దాటుతుండగా ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు కదిలింది. ఆ ఎండలో నడిరోడ్డు మీద ఎక్కడ ఆపుతాం, మంగళగిరి ఇంకెంత దూరం అనుకుని ఏసీ ఆపేసి అలాగే నడిపాను. ఊరు చేరేలోపే బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది, కాసేపటికి ఇంజను దానంతట అదే ఆగిపోయింది. దగ్గర్లోని షెడ్డులో చూపిస్తే రేడియేటర్ కింది పైపు పగిలిందని చెప్పి దానిని మార్చారు, అక్కడి బోరు నీళ్లే పోశారు, ‘మన ఎండలకు ఇది అక్కర్లేదు సార్’ అంటూ థర్మోస్టాట్ వాల్వును కూడా తీసేశారు.

ఇరవై రోజులు గడవకముందే వారధి మీద ట్రాఫిక్‌లో మళ్లీ అదే పరిస్థితి ఎదురైంది. ఈసారి హెడ్ గాస్కెట్ (ఇంజను దిమ్మెకు, దాని మీద మూతలా కూర్చునే హెడ్డుకు మధ్య ఉండే సీలు) పోయిందన్నారు. గాస్కెట్టు, వాటర్ పంపు, కూలీ కలిపి 31,500 రూపాయలు అయింది. ఆ తరువాత ఊళ్లో తిరిగినంతసేపు బాగానే ఉంటోంది గాని, హైవే మీద ఏసీ వేసుకుని 90 వేగంతో ఒక పావుగంట నడిపితే ముల్లు పైకి పోతోంది. వారానికి అర లీటరు దాకా కూలెంట్ పోయవలసి వస్తోంది, అయినా కింద నేల మీద చుక్క తడి కూడా కనిపించదు. పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు నాలుగైదు సెకన్ల పాటు ఇంజను వణుకుతుంది, వెనుక తెల్లటి పొగ వస్తుంది. ఇంకొక సంగతి కూడా గమనించాను. రాత్రంతా ఆపి ఉంచిన బండి బానెట్ తెల్లవారి తెరిచి రేడియేటర్ పై పైపు నొక్కి చూస్తే, అది కొబ్బరిబొండాంలా గట్టిగా ఉంటోంది.

ఇప్పుడు అదే షెడ్డువారు ఇంజను పూర్తిగా విప్పాలని, 85 వేలు అవుతుందని అంటున్నారు. నిజంగా అంత అవసరమా? పోనీ బండినే వదిలించుకోవాలా?

ఆటోనగర్_పాతకాపు

నమస్కారం అండీ. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజను పనుల మధ్య ఇరవై ఏళ్లకు పైగా గడిపినవాడిని. బండిని కళ్లతో చూడకుండా తేల్చి చెప్పకూడదు గాని, మీ ప్రశ్నలోని చివరి గుర్తు, అంటే తెల్లవారి గట్టిగా ఉన్న పైపు, మిగిలిన అన్నిటికంటె ఎక్కువ చెబుతోంది. ఇంజను చల్లబడిన తరువాత కూలింగు వ్యవస్థలో ఒత్తిడి మిగలకూడదు, ఆ పైపు మెత్తగా నొక్కుకుపోవాలి. రాత్రంతా చల్లారినా గట్టిగా ఉందంటే సిలిండరులో మండిన వాయువు నీళ్ల దారిలోకి చొరబడుతోందని అనుమానించాలి. నడుస్తున్నప్పుడు ఆ వాయువు కూలెంట్‌ను బయటికి నెడుతుంది, ఆపిన తరువాత మిగిలిన ఒత్తిడి అదే సందులోంచి కొద్దిగా కూలెంట్‌ను సిలిండరులోకి నెడుతుంది. పొద్దున వణుకు, తెల్లపొగ, తడి కనిపించకుండానే మట్టం తగ్గడం, ఈ మూడూ దానికి సరిగ్గా అతుకుతాయి. హైవే మీద ఇంజను మీద భారం ఎక్కువ కాబట్టి అక్కడే బయటపడుతోంది.

గాస్కెట్ కొత్తదే కదా అని మీరు అడగవచ్చు. గాస్కెట్ కొత్తదైనంత మాత్రాన చాలదు, అది కూర్చునే హెడ్డు చదునుగా ఉండాలి. మీ ఇంజనుకు హెడ్డు అల్యూమినియం. వేడికి అల్యూమినియం పోత ఇనుము కంటె దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, కాబట్టి విపరీతంగా కాగినప్పుడు బోల్టుల మధ్య ఇరుక్కుని వంగుతుంది. హెడ్డు విప్పిన తరువాత దాని మీద ఉక్కు స్కేలును నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు ఆనించి, కింద ఫీలర్ గేజ్ రేకు దూర్చి చూస్తాం. ఇలాంటి చిన్న ఇంజన్లలో చాలావాటికి 0.05 మిల్లీమీటరు దాటితే ఫేసింగ్, అంటే హెడ్డు ముఖాన్ని యంత్రం మీద చదును చేయించాలి. మనం రాసుకునే కాగితం మందంలో అది సగం. కంటితో చూసి ‘బాగానే ఉంది సార్’ అనడానికి వీలుకాని కొలత అది. మీ పాత బిల్లు తీసి అందులో హెడ్ ఫేసింగ్, ప్రెషర్ టెస్ట్ అనే మాటలు ఉన్నాయేమో చూడండి. లేకపోతే వంగిన హెడ్డు మీదే కొత్త గాస్కెట్ వేసి బిగించారని నా అనుమానం. బోల్టులు కొత్తవి వేశారా అని కూడా అడగండి. చాలా ఇంజన్లలో హెడ్ బోల్టులు బిగించినప్పుడు సాగే రకం, రెండోసారి వాడకూడదు.

థర్మోస్టాట్ తీసేయడం మన ప్రాంతంలో పాత జబ్బు. ఎండలు ఎక్కువ కనుక అది అనవసరమనే వాదన వినడానికి బాగుంటుంది గాని నిజం కాదు. ఆ వాల్వు సుమారు 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెట్టి నీటిని రేడియేటర్‌కు పంపుతుంది. కొన్ని ఇంజన్లలో అదే వాల్వు తెరుచుకుంటూ పక్కదారిని మూసివేస్తుంది. అలాంటిదాన్ని పీకేస్తే పక్కదారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది, నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖమే చూడకుండా తిరిగి ఇంజనులోకి పోతుంది. చల్లగా ఉండాలని చేసిన పనే వేడికి కారణమవుతుంది.

ఇక బోరు నీళ్లు. మీవైపు చాలాచోట్ల నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో, ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగు చూస్తేనే తెలుస్తుంది. ఒకసారి పాత రేడియేటర్‌ను కోసి చూశాం. సన్నటి గొట్టాలలో సగానికి పైగా తెల్లటి సున్నం పేరుకుని, అగ్గిపుల్ల కూడా దూరని స్థితిలో ఉన్నాయి. పైకి మాత్రం అది కొత్తదానిలా మెరుస్తోంది. కూలెంట్ గాఢమైనదైతే డిస్టిల్డ్ వాటరుతో సగం సగం కలిపి పోయాలి, కలిపి అమ్మేదైతే నేరుగా పోయాలి.

మీరు చేయవలసిన మొదటి పని ఇంజను విప్పించడం కాదు, పరీక్ష చేయించడం. రేడియేటర్ మూతి దగ్గర నీలం రంగు ద్రవం ఉన్న గొట్టం పెట్టి ఇంజను నడిపిస్తారు. మండిన వాయువు అందులోంచి పోతే ఆ నీలం పసుపులోకి మారుతుంది. దానితోపాటు కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండరు ఎంత ఒత్తిడి నిలుపుతోందో కొలిపించండి. ఈ రెంటికీ కలిపి పెద్ద ఖర్చు కాదు. ఇంజను ఆయిలు కాఫీ రంగులోకి మారకపోతే, అంటే అందులో కూలెంట్ కలవకపోతే, కింది భాగం జోలికి పోనవసరం లేకుండా హెడ్డు పనితోనే సరిపోయే అవకాశం ఎక్కువ. లీకులు మూసే మందు డబ్బా మాత్రం దయచేసి పోయవద్దు, అది మంచి దారులను కూడా మూసేస్తుంది.

మరొక్క మాట, నొచ్చుకోకండి. పైపు పగలడం వందల రూపాయల నష్టం. ఎర్రగీత చూసిన తరువాత మంగళగిరి దాకా లాగిన ఆ కొద్ది కిలోమీటర్లే మిగతా ఖర్చంతా తెచ్చాయి.

సింగ్‌నగర్_నివాసి

పాతకాపు గారు చెప్పినదానికి ముల్లు విషయం కలుపుతాను. చాలా కార్లలో ముల్లు అసలు ఉష్ణోగ్రతను ఉన్నదున్నట్టు చూపదు. విస్తారమైన పరిధిలో మధ్యలోనే నిలిచి ఉండేలా కంపెనీలే అమరుస్తాయి, అది కదిలేసరికి పరిస్థితి చేయి దాటుతుంటుంది. కొత్త కార్లు కొన్నింటిలో ముల్లే లేదు, ఒక దీపం మాత్రమే ఉంటుంది. కూలెంట్ పూర్తిగా కారిపోతే సెన్సారు నీటిలో కాక గాలిలో వేలాడుతుంది కాబట్టి, ఇంజను లోపల కాలిపోతున్నా తక్కువ చూపే ప్రమాదం కూడా ఉంది. నేను డాష్‌బోర్డు కింది ఓబీడీ సాకెట్‌కు (కారు కంప్యూటరు లెక్కలు చదివే చోటు) పెట్టుకునే చిన్న పరికరం కొనుక్కుని, ఫోనులో అంకె చూసుకుంటున్నాను.

నాకు ఈ అనుభవం వేరే దారిలో వచ్చింది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా కారు బానెట్ దాకా నీళ్లలో నిలిచిపోయింది. సిలిండర్లలోకి నీరు చేరిన ఇంజనును తిప్పితే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయని మా తమ్ముడు హెచ్చరించడంతో తాళం ముట్టుకోకుండానే లాగించుకుపోయాం, ఇంజను దక్కింది. అందరం సంతోషించాం. తరువాతి ఏప్రిల్‌లో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడగానే వేడెక్కడం మొదలైంది, బండి కదిలితే తగ్గేది. చూస్తే ఫ్యాన్ తిరగడం లేదు, దాని కనెక్టరు పచ్చగా చిలుము పట్టి ఉంది. ఏసీ కండెన్సరుకు, రేడియేటర్‌కు మధ్య సందులో వరద ఒండ్రు ఎండి అట్టలు కట్టింది. ముందు నుంచి ఎన్నిసార్లు కడిగించినా అది కనబడలేదు. నిలబడితే వేడెక్కేది ఫ్యాను, గాలి సమస్య అని, పరుగులో వేడెక్కేది నీటి ప్రవాహం, హెడ్డు సమస్య అని అప్పటి మెకానిక్ చెప్పిన గుర్తు నాకు ఇప్పటికీ పనికొస్తోంది. ప్రశ్న వేసినవారిది రెండో రకంలా ఉంది.

తాడేపల్లి_రోడ్డు

ఇదంతా ఎందుకండీ, పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం మొదలైన తరువాతే ఇంజన్లన్నీ ఇలా తయారయ్యాయి. 2015 బండి దానికి తట్టుకోదు. అమ్మేయండి.

ఆటోనగర్_పాతకాపు

ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటె మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది, పాత బండ్లలో రబ్బరు భాగాల మీద ఒక కన్ను వేసి ఉంచడం కూడా మంచిదే. కాని పొద్దున్నే రేడియేటర్ పైపు గట్టిపడటానికి పెట్రోలును నిందించలేం. ఆ కారణం పట్టుకుంటే అసలు లోపం అలాగే ఉండిపోతుంది.

బ్రాడీపేట_వకీలు

మరమ్మతు సరిగా చేయలేదని తేలితే ఏమి చేయవచ్చో క్లుప్తంగా చెబుతాను. డబ్బు తీసుకుని చేసిన మరమ్మతు కూడా వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవే. లోపం బయటపడిన రెండేళ్లలోపు, మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు చెల్లింపుల వ్యవహారాలకు రుసుము లేదు. దానికి ముందు 1915 హెల్ప్‌లైన్‌కు చెప్పుకోవచ్చు. అయితే, రెండో షెడ్డువారు హెడ్డు విప్పినప్పుడు కొలతను కాగితం మీద రాయించి, గేజ్ పెట్టి ఉండగానే ఫోటో తీసుకోండి, పాత గాస్కెట్‌ను పారేయనివ్వకండి. నిపుణుడి మాట కాగితం మీద లేని ఫిర్యాదు నిలబడటం కష్టం. వేరే షెడ్డుకు వెళ్లే ముందే మొదటి షెడ్డువారికి విషయం రాతపూర్వకంగా తెలియజేసి, తామే సరిచేస్తారేమో అడగండి. బీమా మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి, సాధారణ పాలసీ యాంత్రిక వైఫల్యానికి వర్తించదు.

కొరిటెపాడు_కారు

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి.

పాత బిల్లులో ఫేసింగ్ అన్న మాటే లేదు. మొదటి షెడ్డువారికి వాట్సాప్‌లో రాస్తే, చూద్దామన్నారు గాని తేదీ చెప్పలేదు. పది రోజులు ఆగి బండిని లాగించుకుని ఆటోనగర్ తీసుకెళ్లాను. గొట్టంలోని నీలం ద్రవం రెండు నిమిషాలలోపే ఆకుపచ్చగా, ఆ వెంటనే పసుపుగా మారింది, నేను పక్కనే నిలబడి చూశాను. హెడ్డు విప్పి స్కేలు ఆనిస్తే రెండో, మూడో సిలిండర్ల మధ్య 0.15 మిల్లీమీటర్ల రేకు సులువుగా దూరింది. అక్కడ గాస్కెట్ మీద నల్లటి మసి చార కూడా ఉంది. హెడ్డును వేడి నీళ్ల తొట్టెలో ముంచి గాలి ఎక్కిస్తే బుడగలు రాలేదు, అంటే పగులు లేదు, వంపు మాత్రమే. ఫేసింగ్, కొత్త బోల్టులు, గాస్కెట్, థర్మోస్టాట్, కొత్త రేడియేటర్, కూలెంట్, కూలీ అన్నీ కలిపి 27,800 అయింది. కింది భాగం విప్పలేదు.

ఫోటోలు, కొలత రాసిన కాగితం మొదటి షెడ్డువారికి పంపితే కూలీ డబ్బులు 9 వేలు తిరిగి ఇస్తామన్నారు. ఇంతవరకు 5 వేలు వచ్చాయి. మిగతాది రాకపోతే వకీలు గారిని మళ్లీ ఇక్కడే అడుగుతాను.

నాలుగు వారాలుగా రోజూ తిరుగుతున్నాను. సింగ్‌నగర్ వారు చెప్పిన పరికరం కూడా కొన్నాను. ఏసీతో హైవే మీద 92 నుంచి 96 డిగ్రీల మధ్య చూపిస్తోంది. కూలెంట్ మట్టం మొదటి మూడు రోజులలో గాలి బుడగ పోయాక ఒక వేలెడు దిగింది, ఆ తరువాత కదల్లేదు. పొద్దున్నే పై పైపు నొక్కి చూడటం మాత్రం అలవాటైపోయింది, మెత్తగానే ఉంటోంది.