ఓడ ఆగే ఒక్క పగలు: వంట, నాట్యం కలిసిన విహారం ఇంటిల్లిపాదికీ తగినదేనా?

అమలాపురం కోడలు:
అందరికీ నమస్కారం. హ్యూస్టన్‌లో ఉంటున్న మా మరిది, తోడికోడలు ఈ డిసెంబరులో మమ్మల్నందరినీ అక్కడికి రమ్మని పిలిచి, గాల్వెస్టన్ రేవు నుంచి బయలుదేరే ఐదు రాత్రుల క్రూయిజ్‌కు టిక్కెట్లు తీశారు. ఓడ మెక్సికోకు చెందిన కోజుమెల్ ద్వీపంలో ఒక పగలు ఆగుతుంది. ఆ పగటికి మేము ఒకే ఒక విహారాన్ని ఎంచుకోవాలి. మా మరిది చూపించినది మూడు గంటల కార్యక్రమం. అందులో అక్కడి పచ్చళ్లను మన చేతులతో మనమే నూరి, రుచి చూసి, ఆ తరువాత సాల్సా నాట్యం నేర్చుకుంటారు. అక్కడి పచ్చడినీ సాల్సా అనే అంటారు కనుక రెండింటినీ జత చేశారట.

మేము ఎనిమిది మందిమి. మామగారికి 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పి ఉంది. అత్తగారికి 67 ఏళ్లు, నీచు ముట్టరు. మా పెద్దమ్మాయికి 14 ఏళ్లు, నలుగురిలో సిగ్గుపడుతుంది. చిన్నబ్బాయికి 8 ఏళ్లు, పది నిమిషాలు ఒకచోట కూర్చోడు. "ఇంత ఖర్చు పెట్టుకుని అంత దూరం వెళ్లి పచ్చడి నూరడమేమిటమ్మా, మన పెరట్లో రోలు లేదా?" అని మామగారు అడిగారు. ఆ మాటకు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఇసుక, కొబ్బరి చెట్లు, నీళ్లు మాకు కొత్త కావు కనుక సముద్రపు ఒడ్డున పడక కుర్చీల్లో గడిపే విహారం మాత్రం వద్దనుకున్నాము. వెళ్లి వచ్చినవారు, ఆలోచించి చెప్పగలిగినవారు సలహా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

రాజోలు మాస్టారు:
అమ్మా, మీ మామగారి ప్రశ్న న్యాయమైనది. నేను ఇంకొక కారణం కూడా చేరుస్తాను. సాల్సా నాట్యం మెక్సికోలో పుట్టినది కాదు. దాని మూలం క్యూబా దేశపు సంగీతంలో ఉంది. న్యూయార్క్‌లో స్థిరపడిన క్యూబా, ప్యూర్టో రికో ప్రజల చేతుల్లో 1960, 70 దశకాలలో అది ఇప్పటి రూపాన్నీ ఈ పేరునూ తెచ్చుకుంది. కోజుమెల్‌లో దానిని నేర్పడం, కోనసీమకు వచ్చిన అతిథికి మన గరగ నృత్యమో వీరనాట్యమో చూపకుండా ఎక్కడి నుంచో తెచ్చిన నాట్యాన్ని నేర్పి పంపడం వంటిది. ఆ ద్వీపం మాయా జాతి ప్రజలది. ద్వీపం నడుమ శాన్ హెర్వాసియో అనే చోట ఇష్ చెల్ అనే దేవతకు సంబంధించిన ప్రాచీన నిర్మాణాలు ఉన్నాయి. పూర్వం మాయా స్త్రీలు సముద్రం దాటి, పడవల మీద ఆ తల్లి దర్శనానికి వచ్చేవారు. అంతర్వేదిలో సాగర సంగమానికి ఏటా వెళ్లే మన కుటుంబాలకు ఆ కథ ఎంత దగ్గరగా ఉంటుందో ఆలోచించండి. ఉన్నది ఒక్క పగలే అయినప్పుడు, ఆ నేలకు చెందినదాన్నే చూడడం మంచిదని నా అభిప్రాయం.

నరసాపురం వదిన:
మాస్టారూ, నాట్యం గురించి మీరు చెప్పినది నిజమే, దానితో నాకు పేచీ లేదు. పచ్చడి మాత్రం ఆ నేలదేనని నా కళ్లతో చూసి చెబుతున్నాను. మేము అత్తగారితో, ఇద్దరు పిల్లలతో ఇటువంటి విహారానికే వెళ్లాము.

మా ముందు పెట్టినది మొల్కహేతే అనే మూడు కాళ్ల రాతి రోలు. అగ్నిపర్వతపు నల్లరాయితో చేస్తారు, లోపలి వైపు గరుకుగా ఉంటుంది. దానితోపాటు ఒక చేతిలో ఇమిడే చిన్న రాతి బండ ఇచ్చారు. కొత్త రోటికి రాతిపొడి పోయేవరకు ముందుగా పచ్చి బియ్యం వేసి నూరుతారని అక్కడి వంటావిడ చెప్పింది. మన ఇళ్లలోనూ కొత్త రోటిని బియ్యమో తవుడో వేసి నూరి గాని వాడరు కదా. ఆ మాట పిల్లలు తెలుగులో చెప్పగానే మా అత్తగారి ముఖం మారిపోయింది. అప్పటివరకు ఆవిడ ఆ ఓడ మీద ఎవరి భాషా అర్థం కాక, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని నడిపిస్తే నడిచే మనిషిగా ఉన్నారు. రోలు ముందుకు రాగానే కొంగు దోపుకుని, మునిమనవడి వయసున్న కుర్రవాళ్లకు బండ ఎలా తిప్పాలో, ఉప్పూ వెల్లుల్లీ ముందు వేసి టమాటా ఆఖరున ఎందుకు వేయాలో చూపించసాగారు. వంటావిడ పక్కకు తప్పుకుని ఆవిడకే చోటు ఇచ్చింది.

అందుకే అమలాపురం అమ్మాయికి నేను చెప్పేది ఒకటే. శిథిలాల దగ్గర పెద్దవాళ్లు ఎండలో, ఎగుడుదిగుడు నేల మీద మన వెనకాల నడుస్తారు. రోటి దగ్గర వాళ్లు ముందు నిలబడతారు. ఇంటిల్లిపాదికీ తగిన విహారం అని నేను దేనిని అంటానంటే, ఎనిమిదేళ్ల వాడికీ డెబ్బై ఏళ్లవారికీ చేతికి పని దొరికేదాన్ని. మీ మామగారి పెరట్లో రోలు ఉన్నది కనుకనే ఆయన అక్కడ పరాయివారు కారు.

మేము నష్టపోయినది ఒకచోట ఉంది, అదీ చెబుతాను. మేము ఓడ ద్వారా కాకుండా బయట ఒక చిన్న సంస్థ దగ్గర తీసుకున్నాము. చలికాలంలో కోజుమెల్ గడియారం గాల్వెస్టన్ గడియారం కన్నా ఒక గంట ముందుంటుంది. మేము ఓడ సమయాన్నే నమ్ముకుని తీరికగా వెళ్లేసరికి మొదటి పచ్చడి అయిపోయింది, మక్కజొన్న రొట్టెలు వత్తడం కూడా సగంలో ఉంది. డబ్బు తిరిగి ఇవ్వలేదు, పిల్లవాడు ఏడ్చాడు.

భీమవరం నుంచి ఒక తండ్రి:
వంట వరకు నాకు అభ్యంతరం లేదు. నాట్యం దగ్గరే నా సందేహం. సాల్సా ప్రధానంగా జంటగా చేసే నాట్యం. మామగారి ఎదుట కోడలు భర్త చెయ్యి పట్టుకుని అడుగులు వేయడానికి మన ఇళ్లలో ఎంతమంది సుఖంగా ఒప్పుకుంటారు? పద్నాలుగేళ్ల ఆడపిల్లను, సిగ్గుపడుతున్నదని తెలిసి కూడా, పరిచయం లేని వారి జతలో నిలబెట్టడం ఆమెకు సంతోషం కాదు, శిక్ష. పైగా ఇటువంటి కార్యక్రమాలలో చాలావాటికి మార్గరిటా అనే మద్యపానీయం కూడా చేరి ఉంటుంది. పెద్దలు తాగి, ఊగి, ఆడే చోటికి పిల్లలను తీసుకువెళ్లి దానిని కుటుంబ విహారం అనడం నాకు మింగుడుపడదు. నాట్యం లేని వంట విహారం గాని, చాక్లెట్ తయారీ చూపే విహారం గాని దొరుకుతుందేమో చూడండి.

నరసాపురం వదిన:
అన్నయ్యగారూ, మద్యం సంగతి మీరు చెప్పినట్టే ఉంటుంది, దాచడం లేదు. మాకు ముందుగా అడిగితే పిల్లలకూ వద్దన్నవారికీ పండ్లరసం ఇచ్చారు. అయినా పక్క బల్లల వాళ్లు మూడో గ్లాసుకు వచ్చేసరికి గొంతులు పెరిగాయి. కనుక పొద్దుటి జట్టులో చేరడం మేలు, అప్పుడు పిల్లలున్న కుటుంబాలే ఎక్కువగా వస్తాయి.

నాట్యం మాత్రం మీరు అనుకున్నంత ఇబ్బంది కాలేదు. మొదట అందరినీ వరుసలుగా నిలబెట్టి, ఎవరికి వారే వేసే అడుగులు నేర్పారు. ఎనిమిది లెక్కలు ఉంటాయి. ఒకటి, రెండు, మూడు అడుగులు; నాలుగు దగ్గర ఆగాలి. ఐదు, ఆరు, ఏడు అడుగులు. ఎనిమిది దగ్గర ఆగాలి. మా అత్తగారు కుర్చీలో కూర్చునే, ఆది తాళానికీ ఎనిమిదే కదా అంటూ చేత్తో వేసి చూపించారు. కోలాటం ఆడిన పిల్లలకు ఆ ఆగడం త్వరగా పట్టుబడుతుంది. జంటల వంతు వచ్చినప్పుడు మా అమ్మాయి తమ్ముడితోనే ఆడింది, ఎవరూ బలవంతం చేయలేదు. అయినా ఆ చిన్నతల్లికి ఇష్టం లేకపోతే వెళ్లే ముందే, నాట్యం వేళకు నానమ్మ పక్కన కూర్చోవచ్చునని ఆమెకు మాట ఇవ్వండి. ఆ మాట ఉంటే పిల్లలు తామే లేస్తారని నా అనుభవం. మీ మామగారు అడుగులు వేస్తానన్నా తిరుగుళ్లు వద్దని చెప్పండి. గచ్చు మీద మడమ తిప్పితే ఆ బరువంతా మోకాలి మీద పడుతుంది.

రాజోలు మాస్టారు:
అమ్మా, రోటి సంగతి చదివాక నా మాటను సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిరప, టమాటా, మొక్కజొన్న, బొప్పాయి, జామ, ఇవన్నీ అమెరికా ఖండాలలో పుట్టి, 1492 తరువాత సముద్రాలు దాటినవి. మిరపను మన దేశానికి తెచ్చినవారు పోర్చుగీసు వర్తకులు. అంటే ఇప్పటి మన ఎర్రటి రోటి పచ్చడి వయసు ఐదు వందల ఏళ్ల లోపే. అంతకు ముందు మన కారం మిరియాలది. మన కొబ్బరి తోటల్లో అంతర పంటగా వేస్తున్న కోకో కూడా మాయా ప్రజలు వేల ఏళ్ల కిందటి నుంచి తాగుతూ వచ్చిన పానీయపు గింజే. మీ మామగారు కొబ్బరి రైతు అయితే ఈ ఒక్క మాట ఆయనను కదిలించవచ్చు. మన పెరటి రోట్లో పడుతున్నది ఎవరి పంటో, అది పుట్టిన చోట నిలబడి పిల్లలకు చెప్పగలగడం చిన్న విషయం కాదు.

ఇంకొక్కటి. ఆ మక్కజొన్నను వాళ్లు సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. మనం తాంబూలంలో వాడే సున్నమే. ఆ సున్నం వల్లనే గింజలోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. ఈ పద్ధతి తెలియకుండా మొక్కజొన్న ఒక్కటే తిన్న ఇతర దేశాల పేదలు పెల్లాగ్రా రోగంతో బాధపడ్డారు. మెక్సికో సంప్రదాయ వంటను యునెస్కో 2010లో మానవాళి వారసత్వంగా గుర్తించినదంటే ఇటువంటి జ్ఞానం అందులో ఉండబట్టే. కాబట్టి వంట విహారానికి నా సమ్మతి ఉంది. నాట్యం గురించి మాత్రం, దాని ఊరు క్యూబా అని పిల్లలకు చెప్పి మరీ ఆడించండి.

హ్యూస్టన్ కోనసీమ వాసి:
నిర్ణయం మీది, కొన్ని అవసరమైన సంగతులు మాత్రం చెబుతాను. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉన్న భారతీయులకు మెక్సికోకు వేరే వీసా అక్కరలేదు. అయితే అమెరికాకు తిరిగి రావాలి కనుక అత్తగారి, మామగారి వీసాలు ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశానికి అనుమతించేవో కాదో చూసుకుని, ఓడ సంస్థనూ అడిగి రూఢి చేసుకోండి.

విహారాన్ని ఓడ సంస్థ ద్వారానే తీసుకోండి. ధర కొంత ఎక్కువే. అయినా బస్సు ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగుతుంది. బయట తీసుకున్నవారి కోసం ఆగదు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉన్నప్పుడు ఆ తేడా విలువ డబ్బుతో తూచేది కాదు. కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న జరిగిన పడవ ప్రమాదం తరువాత మా నాన్నగారు చిన్న పడవ అంటేనే భయపడుతున్నారు. మీ మామగారికీ ఆ భయం ఉంటే, కోజుమెల్‌లో పెద్ద ఓడలు సాధారణంగా గట్టుకే ఆనుకుంటాయని, నడిచి దిగవచ్చునని చెప్పండి.

అత్తగారి భోజనం గురించి జాగ్రత్త. మక్కజొన్న రొట్టెలో మక్కజొన్న, సున్నం, నీళ్లే ఉంటాయి. గోధుమ రొట్టెలోనూ, ఎనిపి వేయించిన చిక్కుడు గింజల్లోనూ పంది కొవ్వు తరచుగా వేస్తారు, టమాటా అన్నాన్ని కోడి రసంతో వండుతారు. "మాంసం లేదు" అన్న జవాబుతో సరిపెట్టుకోకుండా కొవ్వు, రసం అని పేరు పెట్టి అడగాలి. ఆ ప్రాంతపు హబనేరో మిరప మన గుంటూరు మిరప కన్నా ఎన్నో రెట్లు కారం. చిన్నబ్బాయి దానిని తాకిన చేత్తో కళ్లు నులుముకోకుండా చూడండి.

అమలాపురం కోడలు:
మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రాత్రి ఈ జవాబులన్నీ మామగారికి చదివి వినిపించాను. కోకో సంగతి దగ్గర ఆపి రెండుసార్లు చదివించుకున్నారు, మా తోటలోనూ నలభై చెట్లు ఉన్నాయి. ఓడ సంస్థ ద్వారానే పొద్దుటి జట్టులో ఎనిమిది మందికీ తీసుకున్నాము. కొవ్వు, రసం గురించి మా మరిది సంస్థకు రాసి, అత్తగారికి విడిగా వడ్డిస్తామన్న జవాబు తెప్పించుకున్నారు. భీమవరం అన్నయ్యగారి మాటను కూడా మనసులో పెట్టుకుని, నాట్యం ఆమె ఇష్టమేనని మా అమ్మాయికి ముందే చెప్పాము. ఆమె ఇంకా ఏమీ అనలేదు. ఈ సాయంత్రం పెరట్లో నానమ్మ ఎనిమిది లెక్కలు చేత్తో వేస్తుంటే, నాలుగు దగ్గరా ఎనిమిది దగ్గరా ఆగుతూ చెప్పుల్లేకుండా అడుగులు వేసి చూసుకుంటోంది.