అప్‌డేట్: పాత ఫ్రెంచ్ ఫ్యాషన్ బొమ్మలు పౌచుల మీద ప్రింట్ చేస్తే చుక్కలు (సమస్య తీరింది)

1912–25 మధ్య పారిస్ నుంచి వచ్చిన గజెట్ దు బాన్ టాన్ పత్రికలోని ఫ్యాషన్ బొమ్మల్ని గిఫ్ట్ పౌచుల మీద వేయిస్తుంటే ముఖాల నిండా సన్న చుక్కలు వస్తున్నాయని, కాపీరైట్ టెన్షన్ కూడా ఉందని ఇక్కడ అడిగాను కదా. సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్.

ప్రింటరు భూతద్దం పెట్టి చూసి విషయం తేల్చేశాడు. నేను కొన్న ఇమేజ్ ఫైలు ఈ మధ్య అచ్చయిన ఏదో కార్డు నుంచి స్కాన్ చేసింది, ఆ చుక్కలు ఆఫ్‌సెట్ ముద్రణవి (ఈ మెషీన్ ముద్రణలో రంగుల్ని సన్న చుక్కలుగా అచ్చేస్తారు). అసలు బొమ్మల్లో అవి ఉండే అవకాశమే లేదు, ఎందుకంటే అప్పట్లో ఒక్కో రంగుకీ ఒక్కో స్టెన్సిల్ కోసి, దాని మీద చేత్తో బ్రష్షుతో రంగు అద్దేవారు, పోష్వార్ అంటారు. దగ్గరగా చూస్తే గౌను అంచు దగ్గర రంగు కాస్త చిక్కగా పేరుకుని ఉంటుంది, ఎంత బాగుంటుందో!

ఇక్కడ ఒకరు చెప్పినట్టు ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం సైట్ నుంచి పెద్ద ఫైలు ఉచితంగా దించుకుని ఇచ్చాను, ముఖం శుభ్రంగా వచ్చింది. గుడ్డ మార్చడం, ఇంకు మార్చడం, డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు వేయాలన్న లెక్క) పెంచడం వల్ల ఒరిగిందేమీ లేదు.

కాపీరైట్ మాత్రం పత్రిక సంవత్సరాన్ని బట్టి చూడకండి, చిత్రకారుడు ఎప్పుడు పోయాడో చూడండి. యూరప్‌లో చిత్రకారుడు పోయాక 70 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. జార్జ్ బార్బియే 1932లో పోయాడు కాబట్టి ఆయన బొమ్మలకు ఇబ్బంది లేదు. జార్జ్ లెపాప్ 1971 దాకా ఉన్నాడు, అందుకే ఆయనవి తీసేశాను.