టూరిజంలో ఎంబీఏ: వైజాగ్ కుర్రాడికి పనికొస్తుందా?

గాజువాక కుర్రాడు: డిగ్రీ ఆఖరి ఏడాది. ఇంటర్నేషనల్ టూరిజం చదవాలనుంది. నాన్నేమో "గైడ్ పనికి ఎంబీఏ దేనికిరా?" అంటున్నారు. ఏం చెప్పను?

ఎంవీపీ అక్క: గైడ్ పనొక్కటే కాదు తమ్ముడూ. అమడియస్ అనే బుకింగ్ సాఫ్ట్‌వేర్‌లో టికెటింగ్, ప్యాకేజీకి ధర కట్టడం, వీసా నిబంధనలు కూడా నేర్పుతారు. టూరిజం, ట్రావెల్ మేనేజ్‌మెంట్ నేర్పే సంస్థ ఐఐటీటీఎం కేంద్ర పర్యాటక శాఖ కిందే ఉంది; దానికి నెల్లూరులో క్యాంపస్ ఉంది, చూడు. నేను విదేశీ యాత్రికుల టూర్లు చూస్తాను. తొట్లకొండ, బావికొండ, అనకాపల్లి పక్కన బొజ్జన్నకొండ: ఇన్ని బౌద్ధ క్షేత్రాలు మన చుట్టూ ఉన్నాయి! జపాన్ వాళ్ళకి వాళ్ళ భాషలో వివరించే మనిషి దొరకడమే కష్టం. భాష ఇప్పుడే మొదలుపెట్టు.

సీతమ్మధార: విదేశంలో చదివితే ఇంటర్న్‌షిప్ కోర్సులో భాగమేనా, తర్వాత పని చేసుకోనిస్తారా, ఫీజు కట్టకముందే కనుక్కో.

గాజువాక కుర్రాడు: నాన్నకి చదివి వినిపించానక్కా. జపనీస్ ఎక్కడ నేర్పుతారని ఆయనే అడుగుతున్నారు.